వేషం మాది, మాట ఎవరిది?

తెలుగు నాటకంలో ముస్లిం లేడని ఎవరూ అనలేరు. నూరేళ్లకు పైగా ఉన్నాడు. చారిత్రక నాటకంలో సుల్తానుగా, సేనానిగా ఉన్నాడు. సాంఘిక నాటకంలో జట్కా తోలే సాయిబుగా, ఆఖరి రంగంలో రక్తమిచ్చి కథానాయకుణ్ని బతికించే మంచి సాయిబుగా ఉన్నాడు. 1992 డిసెంబరు 6 తర్వాత బాంబు పెట్టే కుర్రవాడిగా, ఆ కొడుకును చూసి గుండె పగిలే దేశభక్తుడైన తండ్రిగా కూడా వచ్చాడు. తెర వెనక హార్మోనియం దగ్గర, తబలా దగ్గర, తెర లాగే తాడు దగ్గర మావాళ్లు ఎప్పుడూ ఉన్నారు. నాటకం రాసే చోట మాత్రం చాలా తక్కువగా ఉన్నారు. ఆ ఉన్న కొద్దిమందీ తమ ఇంటి గురించి రాసుకోగలిగారా అన్నది ఈ వ్యాసంలో మేము వేస్తున్న ప్రశ్న.

మిగతా ప్రక్రియల్లో మా సంగతి వేరు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో ముస్లింవాద కవిత్వం 'జల్‌జలా'గా వచ్చింది. 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' వచ్చాయి. 2004లో ముస్లిం కథలన్నీ 'వతన్' పేరుతో ఒకచోట చేరాయి. మా ఇళ్లలోని పేదరికం, భయం, మా పండగలు, మా జోకులు, మా అమ్మల గోడు తెలుగు పాఠకుడికి మొదటిసారి మా నోటితో తెలిశాయి. ఈ పుస్తకాల సరసన నిలబెట్టి 'ఇదిగో మా నాటకం' అని చూపడానికి మా చేతిలో ఏముంది? అక్కడొకటీ ఇక్కడొకటీ నాటిక ఉండవచ్చు. ఒక ధార అని చెప్పుకోదగింది లేదు.

దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, మీలో నాటకం రాయగలిగినవాళ్లు లేరు. రెండు, మీ మతంలో నాటకం కూడదు గదా, అందుకని మీకు ఆ అలవాటే లేదు. రెండూ చేతులు దులుపుకునే మాటలే. పల్లెటూళ్లో పీర్ల పండగ చూసినవాడు రెండో మాట అనలేడు. నిప్పుల గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడేవాళ్లు, పులివేషం కట్టేవాళ్లు, తెలుగులో పీర్ల పాట ఎత్తుకునేవాళ్లు, వాళ్లను చూడ్డానికి వచ్చిన అన్ని కులాల జనం, ఇదంతా ఏమిటి మరి? హైదరాబాదులో బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే' అనే దక్కనీ నాటకాన్ని 1965లో మొదలుపెట్టి 2001 దాకా ఆడాడు. పెద్ద సంసారం, చిన్న జీతం, గుమ్మం ముందు అప్పులవాళ్లు, ఇదే అందులో కథ. అంటే మాకు నాటకం తెలుసు. మేము తెలుగులో ఎందుకు రాయలేకపోయాం అన్నదే అసలు విషయం.

కవితకూ నాటకానికీ ఒక తేడా ఉంది. కవిత రాయడానికి ఒక మనిషి చాలు. పత్రిక వేసుకోకపోతే జిరాక్సు తీసి పంచవచ్చు. ముస్లింవాద కవిత్వం మొదట్లో అలాగే బతికింది. నాటకం అలా కాదు. రాసిన మాట నటుడి నోట్లో పడ్డాక గాని అది పలుకుతుందో లేదో రాసినవాడికి తెలియదు. రెండో రంగం సాగుతోందని ప్రేక్షకుడు కుర్చీలో కదిలినప్పుడు గాని తెలియదు. ఇది ఇంట్లో కూర్చుని నేర్చుకునే విద్య కాదు. ఒక సమాజం కావాలి. పాత తెలుగులో నాటక బృందాన్ని సమాజం అనే పిలిచేవారు. ఏ సమాజం గడప లోపలికి రానిస్తే ఆ మనిషి నాటకకర్త అవుతాడు. కాబట్టి నాటకకర్తలు లేరనే నేరం రాయనివాళ్ల మీద కంటే ముందు రానివ్వనివాళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు మన సమాజాల పద్ధతి చూద్దాం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి తెలుగు నాటకం ఎక్కువగా పోటీల మీద నడిచింది. ఊరూరా పరిషత్తులు వెలిశాయి. 1998 నుంచి ప్రభుత్వం నాటకాలకూ నంది బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవి లేకపోతే తెలుగులో సాంఘిక నాటకం ఎప్పుడో చచ్చిపోయేదన్నది నిజం, ఆ మేలు మేము మరవం. కానీ పోటీకి వెళ్లే బృందం నష్టానికి సిద్ధపడదు. రానుపోను ఖర్చులు, బయటి నుంచి పిలిపించే నటీమణి పారితోషికం, లైట్లు, సెట్టు అన్నీ లెక్క చూసుకుంటుంది. అందుకని ఇదివరకు బహుమతి తెచ్చిన రచయిత దగ్గరికే మళ్లీ వెళుతుంది. న్యాయనిర్ణేతకు అలవాటైన ఇల్లు, అలవాటైన భాష, గంటలో ముగిసే కన్నీరు ఉన్న నాటికను ఎంచుకుంటుంది. ఇందులో ఎవరి మనసులోనూ మతద్వేషం ఉండనక్కరలేదు. తెలిసినవాణ్నే పిలుస్తూ పోతే చాలు, తెలియనివాడు ఎప్పటికీ బయటే ఉంటాడు. దళితుడికీ, ఆడవాళ్లకీ, ఆదివాసీకీ జరిగింది కూడా ఇదే.

చరిత్రలోకి వెళితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వేదం వేంకటరాయశాస్త్రి 1897లో 'ప్రతాపరుద్రీయం' రాశాడు. పాత్రకు తగిన భాష ఉండాలన్నాడు. గొప్ప మాటే. కానీ ఏ పాత్రకు ఏ భాష తగునో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంది? తక్కువ కులాలవాడి మాట, తురకవాడి మాట వాళ్లను బయట నుంచి విన్న పండితుడి చెవి నిర్ణయించింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆ పండితుడి శ్రద్ధను వదిలేసి, వేరుగా మాట్లాడించడం ఒక్కటే పట్టుకున్నారు. మాటమాటకీ 'కీ' తగిలించి, ఆడ మగ తారుమారు చేసి, మా తెలుగును నవ్వులాటగా మార్చారు. ఆ తెలుగు ఎక్కడ మాట్లాడతారని అడిగితే ఎవరూ చెప్పలేరు. అది నాటకాల్లో, సినిమాల్లో తప్ప ఎక్కడా లేదు.

అదే కాలంలో పిఠాపురంలో ఉమర్ అలీషా ఉన్నాడు. 1885లో పుట్టి 1945లో పోయిన ఈ సూఫీ గురువు తెలుగులో పద్యం చెప్పినవాడు, కేంద్ర శాసనసభలో కూర్చున్నవాడు. ఆయన నాటకాలూ రాశాడు. వాటి పేర్లు చూడండి: 'అనసూయాదేవి', 'చంద్రగుప్త', 'విచిత్ర బిల్హణీయం'. తెలుగులో నాటకం రాసిన తొలి ముస్లింలలో ఒకడు అనసూయ కథ రాశాడని చెప్పి మత సామరస్యానికి ఉదాహరణగా చూపడం మనకు అలవాటు. అది సామరస్యమే, కాదనం. సూఫీకి ఏ కథా పరాయిది కాదు కూడా. కానీ ఆయన కాలంలో ఒక తెలుగు సమాజం దగ్గరికి పోయి 'ఇది మా ఇంటి కథ, ఆడండి' అని ఇస్తే తీసుకునేవాళ్లా? తెలుగు రంగస్థలం మీదికి రావాలంటే పురాణం గుమ్మంలోంచి రావాలి. ఆయన ఆ గుమ్మంలోంచి దర్జాగానే వచ్చాడు. వేరే గుమ్మం లేదన్నదే మా బాధ.

వేరే గుమ్మం ఒకసారి తెరుచుకుంది. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. దానికి కొత్త నాటకాలు కావలసి వచ్చాయి, రాసేవాళ్లను తన లోపలే తయారు చేసుకుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1945లో 'ముందడుగు', 1947లో 'మాభూమి' రాశారు. జనగామ ప్రాంతం కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలిచి, 1940లో హత్యకు గురైన షేక్ బందగీ పోరాటం ఆ 'మాభూమి' మూలాల్లో ఉందని తెలంగాణ పోరాట చరిత్ర రాసినవాళ్లు చెప్పారు. కృష్ణాజిల్లా రచయితలు తెలంగాణ రైతు గురించి, ఒక ముస్లిం రైతు త్యాగం గుర్తుగా రాశారు. కాబట్టి ముస్లిం గురించి ముస్లిమే రాయాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు అని మేము అనడం లేదు. ఆ వాదం మాకే ఉరి అవుతుంది. ఇతరులు రాయనీ. అయితే బందగీ ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గర మొదలయ్యే నాటకం ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఆ ఇంటి పిల్లలు రాస్తే ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

ఆ ప్రజానాట్యమండలి గుమ్మంలోంచే షేక్ నాజర్ వచ్చాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల ఇంట్లో 1920లో పుట్టాడు. మండలి బుర్రకథను రాజకీయ ఆయుధం చేసినప్పుడు ఆ కళకు పెద్ద దిక్కయ్యాడు. బెంగాల్ కరువు చెప్పాడు, పల్నాటి యుద్ధం చెప్పాడు. 'ఆసామి' అనే నాటకమూ రాశాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. జనం తిట్టుగా వాడిన కులం పేరునే ఆయన జీవితకథకు పేరుగా పెట్టారు. ఆ ఒక్క మాటలో ఎంత నాటకం ఉందో చూడండి. దూది ఏకే ఇల్లు, తెలుగే ఇంటిభాష, పట్నం ముస్లిం దృష్టిలో సగం ముస్లిం, హిందువు దృష్టిలో పూర్తి తురక. ఆ బతుకు ఆత్మకథలోకి వచ్చింది గాని రంగస్థలం మీదికి రాలేదు. నాజర్‌ను మనం గాయకుడిగా, నటుడిగా, కళాకారుడిగా నెత్తిన పెట్టుకున్నాం. ఆయన వెనక పది మంది పింజారి నాటకకర్తలు ఎందుకు రాలేదని ఏ సమాజమూ తనను తాను అడగలేదు.

సమాజం తలచుకుంటే ఏం చేయవచ్చో చెప్పడానికి పరాయి దేశపు ఉదాహరణ ఒకటి తీసుకుంటాం. మూలం మన ఉపఖండమే కాబట్టి పూర్తిగా పరాయిది కాదు. ఉర్దూ స్త్రీవాద కవిత్వాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన పాకిస్తానీ మూలాల రచయిత్రి రుఖ్సానా అహ్మద్, నటి రీటా వుల్ఫ్ కలిసి లండన్‌లో 'కాళి థియేటర్' అనే సంస్థ పెట్టారు. 1991లో వాళ్ల మొదటి నాటకం 'సాంగ్ ఫర్ ఎ శాంక్చువరీ'. భర్త హింస నుంచి పారిపోయి ఆశ్రయగృహంలో తలదాచుకున్న స్త్రీని అక్కడికే వచ్చి భర్త చంపిన ఒక నిజ సంఘటన దానికి ప్రేరణ. ఆ నాటకంతో ఆగిపోతే మేము ఇక్కడ రాయనక్కరలేదు. దక్షిణాసియా మూలాలున్న స్త్రీలు రాసే కొత్త నాటకాలే తమ పని అని ఆ సంస్థ పెట్టుకుంది. వచ్చిన చిత్తుప్రతిని చదివి, రచయిత్రికి అనుభవం ఉన్నవాళ్లను తోడిచ్చి, నటులచేత చదివించి, కొద్దిమంది ప్రేక్షకుల ముందు పెట్టి, మళ్లీ రాయించి, తర్వాత ప్రదర్శనకు తీసుకెళ్లే పద్ధతి ఏర్పరచుకుంది. 'మంచి నాటకం ఉంటే తీసుకురండి' అని కుర్చీలో కూర్చోలేదు. మంచి నాటకం తయారయ్యే దాకా పక్కన కూర్చుంది.

వాళ్లకు సర్కారు కళామండలి డబ్బుంది, మనకు లేదు అనవచ్చు. నిజమే. కానీ నలుగురు నటులు ఒక ఆదివారం కూర్చుని కొత్తవాడి రాతను పైకి చదవడానికి ఎంత డబ్బు కావాలి? టీ ఖర్చు. మన బృందాల్లో లోటు డబ్బు కంటే ముందు ఆ తీరికకు వచ్చింది.

కొత్త రచయిత అనగానే మన వేదికల మీద జరిగేది మరోటి ఉంది. ఎప్పుడో గొడవలు జరిగినప్పుడో, రంజాన్ నెలలోనో జాతీయ సమైక్యత నాటిక కావలసి వస్తుంది. అప్పుడు మేము గుర్తుకొస్తాం. 'మీవాళ్ల సమస్య మీద ఒకటి రాసివ్వండి, ఆఖర్లో అందరూ కలిసిపోవాలి' అంటారు. రాసిస్తాం. ఆడతారు. శాలువా కప్పుతారు. రెండో నాటకం అడగరు. మేము ఒక బృందం నిబద్ధతను కొలిచేది ఈ రెండో నాటకంతోనే. మొదటి నాటకం అడిగినప్పుడు వాళ్లకు కావలసింది ముస్లిం. రెండోది అడిగినప్పుడు కావలసింది రచయిత. ఆ రెండో నాటకంలో అల్లర్లు ఉండకపోవచ్చు. సౌదీ పోయిన కొడుకు పంపే డబ్బు మీద అన్నదమ్ముల తగాదా ఉండవచ్చు. దర్గాకు పోవాలా వద్దా అని తబ్లీగీ కొడుక్కీ ముసలి నానీమాకీ జరిగే పోట్లాట ఉండవచ్చు. మాకు మామూలు బతుకు కూడా ఉంటుందని ఒప్పుకోవడమే అసలైన సెక్యులరిజం.

ఇక భాష. మా ఇంట్లో ఒక సాయంత్రం ఎలా గడుస్తుందో చెబుతాం. తల్లి దక్కనీ ఉర్దూలో పిలుస్తుంది, కొడుకు సగం ఉర్దూ సగం తెలుగులో జవాబిస్తాడు. పక్కింటి అక్క గుమ్మంలోకి రాగానే అందరూ తెలుగులోకి మారతారు. పోలీసు వస్తే తండ్రి తెలుగు ఇంకా మర్యాదస్తురాలవుతుంది. ఖాలా వస్తే రహస్యాలన్నీ ఉర్దూలోకి పోతాయి. ఎవరు ఎప్పుడు ఏ భాషలోకి మారతారన్నదే మా బతుకులో నాటకం. కోస్తాలోని దూదేకుల ఇంట్లో ఇది ఇలా ఉండదు, అక్కడ తెలుగు ఒక్కటే. రెండు భాషల్లో పనిచేసేవాళ్లంగా మాకు తెలిసిందొక్కటి: ఈ మార్పిడిని ప్రేక్షకుడు ఇట్టే పట్టుకుంటాడు. 'ఉర్దూ ఎక్కువైంది, జనానికి అర్థం కాదు, తీసేయండి' అనేది ఎప్పుడూ బృందమే. పద్యనాటకంలోని సంస్కృత సమాసాలు జనానికి ఎంత అర్థమయ్యాయని వందేళ్లు వన్స్‌మోర్ కొట్టారు?

ఇంత దూరం ఎదుటివాళ్లను అడిగాం. మమ్మల్నీ అడుగుకోవాలి. ముస్లిం రచయిత కావాలన్నప్పుడు ఏ ముస్లిం? 2007లో బీసీ-ఈ కింద చేర్చిన 14 సమూహాల జాబితా తీసి చూడండి. గారడీ సాయిబులున్నారు, ఎలుగుబంటిని ఆడించేవాళ్లున్నారు, ఫకీర్లున్నారు. వీధిలో జనాన్ని గుంపుగా నిలబెట్టి, కంటిరెప్ప వేయనీయకుండా ఆడించడం వీళ్ల కులవృత్తి. ఇంతకు మించిన రంగస్థల అనుభవం ఎవరికుంది? మా సాహిత్య సభల్లో వీళ్ల పిల్లలు ఎందరున్నారు? సయ్యద్ల, పఠాన్ల చదువుకున్న కొడుకులు ముస్లిం గొంతు తామేనని చెప్పుకుంటే, ఒక పాత తప్పు కొత్త టోపీ పెట్టుకున్నట్టు అవుతుంది. ఇక ఆడవాళ్ల మాట. తలాక్ గురించి, బహుభార్యాత్వం గురించి, చదువు మాన్పించడం గురించి వాళ్లే నాటకం రాస్తే మొదటి వరసలో కూర్చుని చూసే ధైర్యం మాకుందా?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. 2004 డిసెంబరులో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం రెపర్టరీ థియేటర్ గుర్‌ప్రీత్ కౌర్ భట్టీ అనే సిక్కు రచయిత్రి నాటకం 'బేజ్తీ' ఆడింది. గురుద్వారాలో జరిగే అత్యాచారం అందులో ఉంది. నిరసన హింసగా మారింది, నాటకం ఆగిపోయింది, ఆమె ప్రాణభయంతో దాక్కోవలసి వచ్చింది. 2007 ఆగస్టులో హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం విడుదల సభ మీద మా పేరు చెప్పుకునే ప్రజాప్రతినిధులే దాడి చేశారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చాలాకాలంగా చెబుతూ వచ్చారు. వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది, రంగస్థలం మీద నవ్వులపాలైన అనుభవం మాకూ ఉంది. కానీ నిషేధం మా దారి కాదు. తప్పుడు సాయిబు పాత్రలన్నీ నిషేధిస్తే రంగస్థలం మీద ఒక ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోకి మేము వచ్చినట్టు కాదు. పైగా ఆ నిషేధపు కత్తి రేపు మా అమ్మాయి రాసే నాటకం మీదే మొదట పడుతుంది.

భట్టీ 2010లో ఆ అనుభవం మీదే 'బేహుద్' అనే మరో నాటకం రాసింది, కోవెంట్రీలో ఒక థియేటర్ దాన్ని ఆడింది. మేము పైన చెప్పిన రెండో నాటకం అంటే అదే. గొడవ జరిగాక కూడా ఆ రచయిత్రికి ఒక వేదిక దొరికింది.

తెలుగు నాటక సమాజాలను మేము అడిగేది దయ కాదు, కోటా అంతకంటే కాదు. ఏడాదికి కొన్ని రోజులు కొత్తవాళ్ల చిత్తుప్రతులు పైకి చదవడానికి కేటాయించండి. వచ్చిన రాత బాగులేకపోతే ఎక్కడ బాగులేదో చెప్పి మళ్లీ రాయించండి. మా భాషను సరిదిద్దే ముందు ఒకసారి పలికి చూడండి. పరిషత్తుల నిర్వాహకులు న్యాయనిర్ణేతల వరసలో మావాళ్లకూ, దళితులకూ, స్త్రీలకూ చోటివ్వండి. సామరస్యం కోసం కాకుండా నాటకం కోసం పిలవండి. మా జమాత్‌లకూ, అంజుమన్‌లకూ చెప్పేది ఇంకా చిన్నది. షాదీఖానాలు ఏడాదిలో సగం రోజులు ఖాళీగా ఉంటాయి. వాటి తాళం మా పిల్లల రిహార్సల్‌కు ఇవ్వండి. వాళ్లు ఆడేది మీకు నచ్చకపోతే లేచి వెళ్లిపోండి, కుర్చీలు మాత్రం విరగ్గొట్టకండి.

సుల్తాను వేషం వేయడానికి మావాడు ఇప్పటికీ వస్తాడు. కానీ ఈసారి చంకలో ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకుని వస్తాడు. దాన్ని తెరిచి చదువుతారా లేదా అన్నది ఇక మీ చేతిలో ఉంది.